సీసా మీది ఎసిడిటీ

అత్తమ్మకు కొలెస్ట్రాల్ పెరిగింది, నూనె తగ్గించమని సంగారెడ్డి డాక్టర్ చెప్పారు. తగ్గించడం అత్తమ్మ వల్ల అయ్యే పని కాదు. ఆమె వండితే వంకాయలు ఈత కొట్టాల్సిందే. కనీసం పోసే నూనైనా మంచిది పోయనీ అని నేను ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె కొనుక్కొచ్చాను.

బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుని. నోరు ఊరుకోదు. సీసా మీద రాసింది చూపిస్తూ, "అత్తమ్మా, ఇది అసలైన నూనె. ఎసిడిటీ చానా తక్కువుంటది" అన్నాను.

అదే నా కొంప ముంచింది. అత్తమ్మకు ఎసిడిటీ అంటే ఛాతీలో మంట, అంతే. పొద్దున లేస్తే గ్యాస్ గోలీ వేసుకునే మనిషి.

"తక్కువైనా ఉన్నదంటున్నవు గదా. నా కడుపుల ఉన్నది సాలదా?"

ఆ ఎసిడిటీ వేరు, ఇది వేరు అన్నాను. కాయ దెబ్బ తిన్నా, గానుగకు ఆలస్యమైనా కొవ్వు విడిపోయి నూనెలో ఆమ్లాలు పెరుగుతాయని, అవి తక్కువుంటే కాయ తాజాదని వివరించాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది.

"మరి నా ప్యాకెట్ నూనెల ఎంతుంటది?"

నాకు రోషం వచ్చింది. రెండు నూనెలూ చిన్న సీసాల్లో పోసుకుని కంపెనీ బస్సెక్కాను. లంచ్ టైములో మా ఇన్‌ఛార్జిని బతిమాలి, క్షారం చుక్కచుక్కగా వదులుతూ రెండింటినీ పరీక్షించాను. గులాబి రంగు ఎంత త్వరగా వస్తే ఆమ్లం అంత తక్కువ. ప్యాకెట్ నూనె ఒకటి రెండు చుక్కలకే గులాబి అయి కూర్చుంది. నా ఆలివ్ నూనె మాత్రం రంగు మారకుండా క్షారం తాగుతూనే ఉంది. ప్యాకెట్ నూనెను రిఫైన్ చేసేటప్పుడు ఆమ్లాన్నంతా కడిగేస్తారన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

అత్తమ్మ గుమ్మంలోనే కాచుకుని ఉంది. "ఎవల్ది తక్కువొచ్చింది?"

"నీదే" అన్నాను. ఒళ్లు మండిపోయింది.

ఓటమి ఒప్పుకోలేక, ఈ నూనె గొప్పతనం గొంతులో తెలుస్తుందని ఒక చెంచాడు తాగించాను. దాంట్లో ఒంటికి మేలు చేసే పాలిఫినాల్స్ అనే పదార్థాలు గొంతు గీరుతాయి. గీరితే మేలు రకం. అత్తమ్మ కళ్లనీళ్లు వచ్చేలా దగ్గింది. నాకు సంతోషం పట్టలేదు.

"సూసినవా? దగ్గొస్తేనే మంచి నూనె."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని సీసాను ఎగాదిగా చూసింది. "గింత చేదున్నదంటే ఇది మందే. ముందుగాల చెప్పొద్దా పిల్లా? రోజు తాగుత."

గెలిచాననే అనుకున్నాను. అత్తమ్మ మాట తప్పలేదు, రోజూ ఒక చెంచాడు తాగుతోంది. తాగి, "మందు ఏసుకుంటున్న గదా, ఇగ భయమేంది" అంటూ కూరలో ఇంకో గరిటె ప్యాకెట్ నూనె ఎక్కువ పోస్తోంది.