దిసారి కూతురికి వేరే ఆకు

మామిడికాయ తినడం మీ దగ్గర పాపమటగా అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరన్నారు పాపమని? మా తాత అనలేదు. ఈ కొండమీద మొదట బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో ఆయన ఒకడు. మా నాన్న అనలేదు. బతికినంతకాలం చర్చి గంట కొట్టినవాడు ఆయన. విమానాలెక్కి వచ్చిన పెద్దమనుషులే ఆ మాట మా నోట్లో పెట్టి, తర్వాత ఆ పాపం నుంచి మమ్మల్ని విడిపించామని లోకమంతా చెప్పుకున్నారు.

మాది అరకు దాటి ఇంకా పైకి ఎక్కాల్సిన ఊరు. సగం ఇళ్ళు చర్చివి, సగం ఇళ్ళు ఊరి దేవతవి. చైత్రంలో మామిడి కొత్త అని ఒక పండగ వస్తుంది. చెట్లనిండా కాయలు వేలాడుతున్నా, ఆ రోజు వచ్చేదాకా ఎవరూ తెంపరు. రోజు చెప్పేది దిసారి. దిసారి అంటే మా ఊరి పంచాంగం అనుకోండి. విత్తనం ఎప్పుడు వేయాలో, పెళ్ళి ఎప్పుడు చేయాలో నక్షత్రాలు చూసి చెప్పే పెద్దాయన. ఆయన చెప్పిన పొద్దున ఊరివాళ్ళు దేవతకు కాయ పెడతారు. మేము అదే పొద్దున చర్చిలో బల్లమీద మొదటి కాయలు పెట్టి ప్రార్థన చేస్తాం. ఆ తర్వాతే ఎవరైనా నోట్లో పెట్టుకునేది. చెట్టు లేని ప్రతి ఇంటికీ ఆ రోజు బుట్టెడు కాయలు వెళ్ళాల్సిందే. ముందే తెంపేసుకుంటే కాయలన్నీ సంతకు పోతాయి, ఆ ఇళ్ళకు టెంక కూడా మిగలదు. ఇందులో దేవుడికి వచ్చిన లోటేమిటో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

మా దిసారికి ఒక్కతే కూతురు. నాకు చెల్లెలి వరస, కాబట్టి ఆయన నాకు చిన్నాన్న. మొగుడు పోయిన ఏడాది ఆమె తనంతట తానే చర్చికి వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ లాగలేదు. వెనక చాప మీద కూర్చుని ఏడ్చుకుని వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకు ఏడుపు తగ్గి పాట మొదలైంది. దిసారి కూతురు చర్చికి పోవడమంటే చిన్న సంగతి కాదు. ఊళ్ళో కొందరు ఆయన దగ్గరకు వెళ్ళి గొణిగారు. ఆయన ఆమెను పిలిచి ఒక్క మాటే అన్నాడట.

"నీకు నచ్చిన దేవుడికి మొక్కుకో గుంటా. కొత్త మాత్రం నా సేతి మీదుగానే తినాల."

ఆమె చిక్కులో పడింది. దేవతకు పెట్టింది తినకూడదని చర్చిలో చెప్తాం కదా. ఆ చిక్కు ముసలాయనే విప్పాడు. కొత్త రోజున కాయ కోయగానే, దేవత ముందు పెట్టకముందే, ఒక బద్ద తీసి వేరే అడ్డాకులో పెట్టి పక్కన ఉంచేవాడు. అది కూతురిది. చర్చి అవ్వగానే ఆమె వచ్చి ఆ ఆకు ముందు కూర్చుని కళ్ళు మూసుకునేది. అంతసేపూ ఆయన తన బద్దను చేత్తో పట్టుకుని కూర్చునేవాడు. "ఆమెన్ అయ్యిందేటి?" అని అడిగేవాడు. అయ్యిందంటే ఇద్దరూ ఒకేసారి తినేవాళ్ళు. నేను ప్రతి ఏడూ చూశాను. అంత పులుపు కాయ తింటూ ఇద్దరూ ఒకేలా ముఖం చిట్లించేవాళ్ళు, నేను నవ్వేదాన్ని.

ఇలా ఉన్న మమ్మల్ని పరాయి దేశంలో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళ సంఘం ఒకటి దత్తత తీసుకుంది. మాకు తెలియకుండానే దత్తత పోయాం. మా పాస్టరుగారు మైదానం నుంచి కొత్తగా వచ్చినవాడు, మంచివాడే గానీ ఎవరికీ ఎదురు చెప్పలేడు. మా ఆరాధన వాళ్ళకు లైవులో కనపడాలట, అందుకని వాళ్ళ పొద్దుటికి సరిపడా మా ఆరాధన సాయంత్రానికి జరిగింది, మేకలు ఇంటికి తోలుకొచ్చే వేళకి. మా కొండ మాటలో పాడే పాటలు మానేసి తెలుగులో పాడమన్నారు. చూసేవాళ్ళకు అర్థం కాదట. ఇదే సంఘం అక్కడ తమ పిల్లలకు తెలుగు బడి నడుపుతోంది, మాతృభాష మర్చిపోకూడదని. ఆ ఫోటోలు మాకే పంపి, బడి బాగా సాగాలని ప్రార్థన చేయమన్నారు. చేశాం కూడా, తెలుగులో.

వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. దిక్కులేని దేశంలో ఒంటరిగా బతికే నర్సులకూ, డ్రైవర్లకూ, చదువుకునే పిల్లలకూ ఆ సంఘమే అమ్మానాన్నా అని విన్నాను. జ్వరమొస్తే జావ కాచి తెచ్చేది వాళ్ళే. చచ్చిపోతే శవాన్ని ఇంటికి పంపేదీ వాళ్ళే. సొంత ఊరి ఆచారం కోసం, సొంతవాళ్ళతో కలిసి తినే ఒక్క పూట కోసం మనిషి ఎంత అల్లాడతాడో వాళ్ళకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అదే నా కోపం. తెలియనివాళ్ళు చేసి ఉంటే ఊరుకుందును.

మామిడి కొత్తకు కొన్ని వారాల ముందు వాళ్ళ బృందం మా ఊరొచ్చింది. నాయకుడు మర్యాదస్తుడే. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించాడు. చర్చి వాకిట్లో మామిడిచెట్టు విరగకాసి ఉంది. ఎందుకు ఎవరూ తెంపలేదని అడిగితే మా పాస్టరుగారు ఉన్నదంతా చెప్పాడు. దిసారి సంగతీ చెప్పాడు, కూతురు మన చర్చి మనిషేనని కూడా చెప్పాడు. నాయకుడి కళ్ళు మెరిశాయి.

"ఇది బానిసత్వం ఆంటీ," అన్నాడు నాతో. "ఒక కాయ తినడానికి మంత్రగాడు పర్మిషన్ ఇవ్వాలా? ట్రైబల్స్‌లో ఈ భయం చాలా డీప్‌గా ఉంటుంది."

అమ్మ పుట్టిల్లు మేనమామకు తెలియదా అంటారు. ఈయన మేనమామకే దారి చూపిస్తున్నాడు.

"ఆయన మంత్రగాడు కాదు బాబూ, రోజు చెప్తాడంతే. మీ దగ్గర ఊరంతా ఒకే రోజున కూర్చుని తినే పండగ లేదా?"

"ఉంది, థాంక్స్‌గివింగ్. కానీ అది వేరు ఆంటీ."

"ఎందుకు వేరు?"

ఆయన నవ్వి నా భుజం తట్టి కెమెరాల దగ్గరకు వెళ్ళిపోయాడు. చిన్నపిల్లను ఊరుకోబెట్టినట్టు తట్టాడు. నేను ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, వాళ్ళమ్మ వయసుదాన్ని.

ఆ సాయంత్రం ఆరాధనలో స్టీలు పళ్ళెం నిండా మామిడి బద్దలు కనపడ్డాయి, పైన ఉప్పు చల్లి ఉంది. చర్చి వాకిట్లో చెట్టువే. ప్రసంగం మధ్యలో నాయకుడు దిసారి కూతుర్ని ముందుకు పిలిచాడు. ఆమె ఏమిటో తెలియక చెంగు సర్దుకుంటూ వెళ్ళింది. "సిస్టర్, ఈరోజు నుంచి మీరు ఫ్రీ," అంటూ బద్ద తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. కెమెరా ఆమె ముఖానికి జానెడు దూరంలోకి వచ్చింది.

మా కొండల్లో చేతిలో పెట్టిన తిండిని తిప్పి ఇవ్వరు, పారేయరు. అలా చేస్తే ఇచ్చినవాడి ముఖాన ఉమ్మినట్టే. అందులోనూ అతిథి. తినాలంటే కొత్త రాలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆమె గుప్పిట మూసి నిలబడిపోయింది.

నేను లేచాను. "బాబూ, ఆమెను కూర్చోనివ్వండి. వాళ్ళ నాన్న చేతి మీదుగా తినాలి, అది ఆ ఇంటి మాట," అన్నాను. ఆయన నా వైపు చూడకుండా "పాట అందుకుందాం" అన్నాడు. కీబోర్డు మోతలో నా గొంతు నాకే వినపడలేదు. పాటయ్యేదాకా ఆమె అక్కడే నిలబడింది. ఉప్పు కరిగి మణికట్టు మీదుగా కారుతోంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళను కెమెరా బాగా పట్టుకుంది.

బయటికొచ్చాక అడిగాను. "ఏటి సేత్తావే దాన్ని?"

"పారెయ్యలేను కదక్కా. తినా లేను. అయ్య ఆకు ఎయ్యాల కదా," అంది. ఇంటికి తీసుకెళ్ళి చూరు మీద ఎండబెట్టింది.

కొన్నాళ్ళకే వీడియో వచ్చింది. పేరు "దిసారి కూతురికి విడుదల". ఆమె అరచేతిలో బద్ద కనపడుతుంది. వెంటనే ఎవరిదో నోరు, దగ్గరగా, కొరికి నములుతూ. అది మా సండేస్కూలు పిల్లది, నాకు తెలుసు. తర్వాత ఆమె కళ్ళు, నీళ్ళతో. చూసినవాడెవడైనా ఆమె తినేసి సంతోషంతో ఏడ్చిందనే అనుకుంటాడు. చెన్నై కంపెనీలో పనిచేసే మా ఊరి పిల్లడికి అది ఎక్కడో తగిలింది, ఊరి గ్రూపులో పెట్టాడు. పొద్దు గూకేసరికి ప్రతి ఫోనులో అదే.

మర్నాడు చెట్ల మీద మనుషులున్నారు. "దిసారి కూతురే తినేసింది, ఇంక మాకేటి?" అన్నారు అడిగితే. ఆ వెంటనే సంతలో కాయలు కొనే షావుకారు జీపు వచ్చింది, పిందెలతో సహా బస్తాల్లోకి ఎక్కాయి. ఊటగెడ్డ దగ్గర ఆమె బిందె పెడితే పక్కన బిందెలు జరిగాయి. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆమె జవాబైనా చెప్పుకునేది.

తర్వాతి ఆదివారం మహిళా సమాజం తరఫున లైవులో వందనాలు చెప్పే వంతు నాది. తెరమీద వాళ్ళ హాలు కనపడింది. పట్టుచీరలు, మల్లెపూలు, పొడుగు బల్లమీద గిన్నెలు. ఏమిటండీ విశేషం అంటే ఉగాది విందు అన్నారు. పిల్లలకు తెలియాలి కదా అని పచ్చడి చేశారట. వేపపువ్వు దొరకలేదట గానీ మామిడికాయ దొరికిందట. మతంతో సంబంధం లేదు, మన కల్చర్ ఆంటీ, అంది ఒకావిడ గరిటెతో గిన్నె చూపిస్తూ.

వాళ్ళది కల్చరు, మాది సైతాను. వాళ్ళ కాయ జ్ఞాపకం, మా కాయ సంకెల.

"ఆ అమ్మాయి కాయ తినలేదు. మీ వీడియోలో నోరు వేరే పిల్లది. అది అబద్ధం. దాన్ని తీసెయ్యండి," అన్నాను.

ఇంకా చాలా అన్నాను గానీ అక్కడెవరూ వినలేదు. నన్ను మ్యూట్ చేశారు. తెర మూలలో నా నోరు ఆడుతూనే ఉంది, నాయకుడు మాత్రం నెట్‌వర్క్ బాగోలేదని చెప్తున్నాడు. తర్వాత పాస్టరుగారికి ఫోన్ చేశాడట. ఆ వీడియో చూసి ఎందరో కదిలిపోయారు, ఇప్పుడు తీసేస్తే వాళ్ళ విశ్వాసం దెబ్బతింటుంది అన్నాడట. ఆమె మాటేమిటి, ఆమెకూ ఒక విశ్వాసం ఉంది కదా అని నేను పాస్టరుగారిని నిలదీశాను. ఆ వీడియో ఈ రోజుకీ ఉంది.

మామిడి కొత్త రానే వచ్చింది. అప్పటికి దిసారి చెట్టు తప్ప అన్నీ బోడిగా ఉన్నాయి. చర్చి అవ్వగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు కూడా రా అక్కా" అంది. కొంగు చివర ఎండిన బద్ద ముడేసుకుని ఉంది.

వాకిట్లో జనం ఎప్పటికన్నా తక్కువ. చిన్నాన్న కాయ కోసి, దేవత ఆకుల్లో పెట్టాడు. పక్కన వేరే ఆకు లేదు. ఆమె కాసేపు అక్కడే వెతికింది, ఆకు గాలికి ఎగిరిపోయిందేమో అన్నట్టు. తర్వాత ముడి విప్పి, నల్లబడి ముడుచుకుపోయిన బద్దను తండ్రి ముందు పెట్టింది.

"తినలేదయ్యా. ఇదిగో," అంది.

"నాకు సూపించక్కర్లేదమ్మా. నా గుంట సంగతి నాకు తెల్దేటి?" అన్నాడు ఆయన నెమ్మదిగా.

"మరి ఆకెయ్యలేదేటి సిన్నాన్నా?" నేనే అడిగాను, ఉండబట్టలేక.

"నాకు తెల్సు. ఊరికి తెల్దు కదా. ఊరు ఫోనులో సూసింది. ముందే తినేసిందానికి ఆకేశాడంటారు. ఒచ్చే యేడు నా మాట ఎవులింటారు? సెట్టు లేనోళ్ళకి కాయ ఎలాగొత్తాది?"

ఆమె వాదించలేదు. ఆయన కూతురు కదా, ఆ లెక్క ఆమెకూ తెలుసు. ఎండు బద్దను మళ్ళీ కొంగుకు ముడేసుకుని, తండ్రి పాదాలు తాకి వెళ్ళిపోయింది. నేను కదల్లేకపోయాను. నా కోపమంతా ఎవరి మీద చూపించను? చూపించాల్సినవాళ్ళు ఏ దేశంలోనో పచ్చడి గిన్నెలు కడుక్కుంటున్నారు.

వాకిట్లో వాళ్ళంతా తినేశారు. చిన్నాన్న మాత్రం తన బద్దను చేత్తో పట్టుకుని, ఆమె ఎప్పుడూ కూర్చునే చోటు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

"తినవేటి సిన్నాన్నా?"

"ఆమెన్ అవ్వలేదు కదమ్మా," అన్నాడు.

బద్దను అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళాడు. ఈ ఏడు ఆయన మామిడికాయ ముట్టలేదు.