చింతగింజల ఓట్లు

మొన్న తెనాలిలో మా అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శిని ఫోన్లోనే ఎన్నుకున్నారు. కాఫీ తాగుతూ వేలితో ఒక్కసారి నొక్కానో లేదో, నీ ఓటు పడిపోయిందన్నాడు మనవడు. ఇంత సులువా అని నవ్వుకుంటుంటే మా అత్తగారు గుర్తొచ్చారు.

ఎమర్జెన్సీ రోజుల గురించి మన వయసువాళ్లకు వేరే చెప్పాలా? నేనప్పుడు బాపట్ల దగ్గరి పల్లెలో, అత్తగారి ఊళ్లోనే, కొత్తగా చేరిన పంతులమ్మను. పంచాయతీ గడువు తీరినా ఎన్నికల ఊసు లేదు. ప్రెసిడెంటు కుర్చీలో రేపల్లె నుంచి జీపులో వచ్చే ప్రత్యేకాధికారి కూర్చునేవారు. ఊరికి ఒక్క బోరింగు పంపు మంజూరైంది. మా పేట ఆడవాళ్లు కాలువ దాకా నడిచి బిందెలు మోస్తుంటే, ఆయనేమో దాన్ని పంచాయతీ ఆఫీసు ముందే వేయిస్తానన్నారు. గుంపుగా వస్తే జైల్లో పెట్టిస్తాననీ, చెప్పుకునేదుంటే ఒక్కరే రావాలనీ కబురు పెట్టారు.

ఆ ఒక్కరూ ఎవరన్నదే పేచీ. సభలు పెట్టకూడదు సరే, ఆదివారం ఆరాధనను ఎవరాపుతారు? ప్రార్థన అయ్యాక పాస్టరుగారు చర్చిలో కానుకల సంచి తిప్పించారు. సంఘపెద్దను పంపాలనుకునేవాళ్లు కందిగింజ, మా అత్తగారిని పంపాలనుకునేవాళ్లు చింతగింజ వేయాలన్నమాట. సంతకం కూడా రాని మనిషి ఏం మాట్లాడుతుందని మగవాళ్లు నవ్వారు గానీ, బిందె మోసేది వాళ్లు కాదుగా! ఆడవాళ్ల వైపు తిరిగొచ్చేసరికి సంచి నిండా చింతగింజలే. లెక్కపెట్టింది నేను. ఆ సంగతి అధికారికి తెలిస్తే నా ఉద్యోగం ఊడేదే.

మర్నాడు నన్ను తోడు తీసుకెళ్లి, గుమ్మం బయట నిలబెట్టి, ఆవిడొక్కరే లోపలికి వెళ్లారు.

"నిన్నెవరు పంపారు?" అన్నారు అధికారి.

ఆవిడ కొంగుముడి విప్పి గింజలన్నీ బల్ల మీద గుమ్మరించారు. "మా పేటోళ్లండి. ఇయ్యిగోండి, మా ఓట్లు."

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇంత అమాయకత్వమా అని తల పట్టుకున్నాను.

"ఎవరు లెక్కపెట్టారివి?"

"దేవుడేనండి," అన్నారావిడ, నా వైపు తలైనా తిప్పకుండా.

ఆయన ఆ గింజల్ని తీసుకుపొమ్మన్నారు. నెల తిరక్కుండానే బోరింగు మా పేటలో దిగింది.

తర్వాత ఎన్నికలొచ్చాయి, మైకులొచ్చాయి, ఇంటింటికీ కుళాయిలొచ్చాయి. అంతా మంచికే, నాకే లోటూ లేదు. ఒక్క ఎన్నికా వదలకుండా ఓటేశాను. గెలిచినవాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు. కానీ నా ఓటును కొంగున కట్టుకెళ్లి అధికారి బల్ల మీద పోసి, నా పేరు మాత్రం కడుపులో దాచుకున్న మనిషి మళ్లీ నాకు కనబడలేదు.