‘నయం’ గడిలో పెట్టిన మనిషి

డెబ్భైల చివర్లో నేను ఒక పెద్దాసుపత్రిలో, మెదడు వెన్నుపాము ఆపరేషన్లు చేసే విభాగంలో చదువుకుంటున్నాను. మా పెద్దసారు వెన్నుపాము గడ్డలకు తాను చేసిన ఆపరేషన్ల ఫలితాల మీద ఒక పరిశోధన పత్రం రాయాలనుకున్నారు. ఇళ్ళకు పోయినవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారో ఎవరో ఒకరు వెళ్ళి చూసి రావాలి. నాది ఆదోని కాబట్టి ఆ పక్క రోగులు నా వంతుకొచ్చారు. చేతికిచ్చిన ఫారంలో చివర నాలుగు గడులు: నయం, కొంత నయం, మార్పు లేదు, మరణం.

ఎమ్మిగనూరులో నేను వెతుక్కుంటూ పోయిన మనిషి చేనేత పనివాడు. నడివయసు. ఆపరేషన్‌కు ముందు మంచం మీది నుంచి లేవలేకపోయేవాడు. నన్ను చూడగానే చేతికర్ర పట్టుకుని లేచి, గుమ్మం దాకా నడిచి వచ్చి నవ్వాడు. లోపల మగ్గం మీద ఆయన భార్య కూర్చుని ఉంది. మీరు నేయడం లేదా అని అడిగాను.

“మగ్గం గుంటలో కాలు పెడితే ఎవురిదో కాలు పెట్టినట్టుంటాది సారూ. తొక్కుడుచెక్క మింద ఉందో, నేల మింద ఉందో తెలీదు. తొక్కేది యాడ?” అన్నాడు.

పాదాల మీద సూదితో గుచ్చి చూశాను. ఆయనకు ఏమీ తెలియలేదు. రాసుకున్నాను. పంచె లోపల పాతగుడ్డలు కట్టుకుని ఉన్నాడు. ఉచ్చ ఎప్పుడు పడుతుందో తెలియదని భార్య తల వంచుకుని చెప్పింది. అదీ రాసుకుని, ‘కొంత నయం’ గడిలో గీత పెట్టి బస్సెక్కాను.

పెద్దసారు ఆ గీత కొట్టేసి ‘నయం’లో పెట్టారు. నేను నసిగాను.

“నడుస్తాడా, లేదా?” అన్నారు. నడుస్తాడన్నాను. “నడిస్తే నయమే. మగ్గం నేయించడానికి నేను ఆపరేషన్ చేయలేదు.”

అంతటితో పోలేదు. మా ఆసుపత్రిలో జరిగే డాక్టర్ల సభలో ఆ మనిషిని నడిపించి చూపించాలన్నారు. పొద్దున్నుంచి చుక్క నీళ్ళు తాగనివ్వొద్దని, వేదిక మీద పంచె తడిస్తే తన పరువు పోతుందని నన్ను పిలిచి మరీ చెప్పారు. ఎండాకాలం. నేను ఎమ్మిగనూరు పోయి, ఏదో పరీక్ష ఉంది, నీళ్ళు తాగకుండా రావాలని అబద్ధం చెప్పాను.

“నువ్వు మన పక్కోడివి కదప్పా. నువ్వు సెప్పినావంటే తాగకుండానే వస్తా,” అన్నాడాయన.

భార్యను తోడు తీసుకుని పెదాలు ఎండిపోయి వచ్చాడు. వేదిక మీద కర్ర తీసేయమన్నారు. తీసేశాడు. పది అడుగులు వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కూడా సంబరపడి దండం పెట్టాడు.

తర్వాత వరండాలో రెండు చెంబుల నీళ్ళు గటగటా తాగాడు. కాసేపటికి పంచె తడిసింది, నేల తడిసింది. అప్పుడే పెద్దసారు అతిథులతో బయటికొచ్చారు. చూసి, జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. వీణ్ణి ఇక్కడి నుంచి తీసేయమని నాకు ఇంగ్లీషులో చెప్పి నడిచిపోయారు. మాట అర్థం కాకపోయినా రుమాలు అర్థమైంది ఆయనకు. గోడ పట్టుకుని లేవబోయాడు. భార్య తన కొంగుతోనే నేల తుడిచింది. ఉచ్చవాసన మాకు రోజూ ఉండేదే. నాకు అసహ్యం వేసింది ఆ తెల్లటి రుమాలును చూసి.

పత్రం అచ్చయింది. పేర్లలో మూడోది నాది. ఉద్యోగం దరఖాస్తులో ఆ పత్రం పేరు నేనే స్వయంగా రాసుకున్నాను.

ఎనభైల మొదట్లో ఆదోని ఆసుపత్రిలో చేరాను. ఆ ఏడే ఆ ఎమ్మిగనూరు మనిషిని ఎద్దులబండిలో తెచ్చారు. వేడినీళ్ళ బాన పక్కన కూర్చున్నాడట. కాలు ఆనుకుని కాలిపోతుంటే తెలియలేదు. పుండు పడి, పురుగులు పట్టి, పాదం నల్లబడిపోయింది. తీసేయక తప్పలేదు.

కట్టు కడుతుంటే ఆయన భార్య అంది: “నడుస్తాండాడని సంతోషపడితిమి సారూ. కాలికి ఏమి తగిలినా తెలీదు, దినామూ సూసుకోవల్లని ఒకరన్నా సెప్పలేదే.”

సూది గుచ్చి చూసినవాణ్ణి నేనే. చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఫారంలో దానికి గడి లేదు. కట్టు ముడి వేసి, చేతులు కడుక్కుని వచ్చి, రెండోసారి మళ్ళీ కడుక్కున్నాను.

ఈ సంగతి చెప్పి, పత్రంలో ఆ ‘నయం’ సరిదిద్దాలని పెద్దసారుకు ఉత్తరం రాశాను. ఆ పత్రం పని ముగిసిపోయిందని, ఇక దాన్ని కెలకవద్దని జవాబొచ్చింది. నేనూ కెలకలేదు.

పుండు మానాక ఇంటికి చేరిన ఆయన గోడకానుకుని కూర్చుని భార్యకు నూలు కండెలు చుట్టిచ్చేవాడు. నెలకోసారి ఎమ్మిగనూరు పోయి మిగిలిన కాలు నేనే చూసి వచ్చేవాణ్ణి. ఆయన పలకరించేవాడు. ఆమె మాత్రం నన్ను చూసి మగ్గం ఆపేది కాదు.