అశోకానికి పొరుగు నీడ

పద్మారావు నగర్‌లో హదస్సా గారి ఇంటి పెరట్లో ఉదయం మాత్రమే ఎండ పడేది. పన్నెండు దాటేసరికి పడమటి గోడ అవతలి వేపకొమ్మలు ఆ నేలను కప్పేసేవి. వేప పొరుగింటి మేబెల్ వాళ్లది. జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన హదస్సా, అక్కడ ఒక దేశవాళీ చెట్టు పెట్టాలనుకున్నప్పుడు వెంటనే నర్సరీకి వెళ్లలేదు. వేసవిలోనూ చలికాలంలోనూ నీడ అంచు ఎక్కడెక్కడికి జరుగుతుందో గోడమీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నారు.

దేవకాంచనానికి ఆ వెలుగు చాలదు. పొగడ బతుకుతుంది గాని పూత పలచబడుతుంది. అశోకం వేరు. కాలనీల్లో ప్రహరీల వెంట నిటారుగా పెరిగే, అందరూ అశోకమనే పిలిచే నరమామిడి కాదు. వాగుల పక్కన, పెద్ద చెట్ల కింద పెరిగే అసలు అశోకం. దానికి సగం నీడ లోపం కాదు, అవసరం. లేత వయసులో వేసవి మధ్యాహ్నపు ఎండ తగిలితే ఆకులు మాడిపోతాయి. అంటే, ఈ ఎంపిక అంతా పొరుగింటి వేపమీద ఆధారపడి ఉంది. అందుకే మొక్క కొనకముందే, ఆ వేపను కొట్టించరు కదా అని ఆమె మేబెల్‌ను అడిగారు.

మేబెల్ బోయిగూడలో పుట్టి పెరిగిన మనిషి. చర్చి గాయకబృందంలో ఇరవై ఏళ్లుగా హదస్సా పక్కనే నిలబడి పాడుతోంది.

"మా మామ పెట్టిన చెట్టు అక్కా. నేనున్నన్ని దినాలు దాన్ని ఎవ్వరు ముట్టరు. బేఫికర్ పెట్టుకో."

"మీ ఆయన కారు షెడ్డు వేస్తానంటే?"

"ముందుగాల ఆ స్కూటర్ సక్కగ నడపనీ!"

హదస్సా నవ్వారు. ఆ జూలైలో అశోకం నాటారు.

నాలుగో వేసవికి అది భుజం ఎత్తు దాటింది. రాగిరంగు లేతాకులు తడిబట్టల్లా వేలాడేవి. మే నెలలో నరసాపురంలో చర్చి స్త్రీల సభలు జరుగుతున్నాయి. మొక్కను వదిలి వెళ్లడానికి హదస్సా సందేహిస్తుంటే మేబెలే బలవంతపెట్టింది.

"పోయి రా అక్కా. నీళ్లు నేను పోస్త గదా. అదేమన్న చంటిపిల్లనా?"

వారం తర్వాత, మధ్యాహ్నం ఆటో దిగి గేటు తీసేసరికి పెరడంతా తెల్లగా మెరుస్తోంది. వేప లేదు. గోడ అవతల మొద్దు, దాని చుట్టూ రంపపు పొట్టు, మేడమీద సోలార్ ప్యానెళ్ల కోసం నిలబెట్టిన ఇనుప చట్రాలు. అశోకం ఆకులు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. ఆమె వంగి పాదులో వేలు గుచ్చి చూశారు. మట్టి తడిగా ఉంది. నీళ్ల విషయంలో మేబెల్ మాట తప్పలేదు.

మేబెల్ భర్త జీవరాజు గోడమీదుగా పలకరించాడు.

"వచ్చిన్రా మేడమ్? ఇగ కరెంటు బిల్లు పరేషాన్ ఉండదు. వేప నీడ పడితే ప్యానెళ్లు పనిజెయ్యవన్నరు. మీరు ఊర్ల లేనప్పుడే కొట్టిద్దామని మా మేబెలే అన్నది. చూస్తే బాధపడ్తరని."

ఏదో ఉపకారం చేసినట్టే చెప్పాడు.

సాయంత్రం మేబెల్ మొక్కకు నీడగా కట్టే గ్రీన్ నెట్టు పట్టుకొని వచ్చింది. అప్పటికే హదస్సా వెదురు బొంగులకు పాత దుప్పటి కట్టేశారు.

"నన్ను సభలకు పొమ్మన్నప్పటికే చెట్టు కొట్టించే రోజు ఖాయం చేశావా?"

మేబెల్ తల దించుకుంది. "నీ మొహం జూస్కుంట చెప్పలేకపోయిన అక్కా. నువ్వు వద్దంటే నేను కాదనలేను."

"వద్దనేదాన్ని కాదు. చెట్టు నీది. ఒక్కరోజు ముందు చెప్పినా పందిరి వేసుకునేదాన్ని."

హదస్సా నెట్టు తీసుకోలేదు. ఆ ఆదివారం గాయకబృందంలో మేబెల్ పక్కన కాక, వెనుక వరుసలో నిలబడ్డారు.

జూన్ వానలకు అశోకం మొదలు దగ్గర రెండు చిగుళ్లు వచ్చాయి. ఈసారికి బతికింది. కాని ప్రతి వేసవినీ దుప్పటితో గడపడం కుదరదు. దానికి నీడనిచ్చే చెట్టు తన నేలలోనే ఉండాలి. హదస్సా గానుగను ఎంచుకున్నారు. ఎండను కోరుతుంది, త్వరగా ఎదుగుతుంది, గొడుగులా కమ్ముతుంది.

పడమటి వైపు గుంత తవ్విస్తుండగా మేబెల్ గోడ దగ్గరికి వచ్చింది.

"ఏం చెట్టక్కా?"

"గానుగ."

"పెద్దగైతదా?"

"అవుతుంది."

మేబెల్ తన మేడవైపు చూసింది. "దీని నీడ మా ప్యానెళ్ల మీద పడ్తదా?"

"పడుతుంది. అయిదారేళ్ల తర్వాత, పొద్దుటి పూట." హదస్సా మొక్క సంచిని బ్లేడుతో నిలువునా చీల్చారు. "ముందే చెబుతున్నాను."

మేబెల్ గోడమీది నుంచి చేయి తీసేసింది. హదస్సా వేళ్ల మట్టి రాలకుండా రెండు చేతులతో పట్టి, మొక్కను గుంతలో నిలబెట్టారు.