మూడో అంతస్తు, పదిహేడో పిల్లర్

దోహాలో నేను పనిచేసిన ఇంజనీర్ల ఆఫీసులో నా అసలు పని రిపోర్టులు టైపు చేయడం. మంచి కెమెరా ఉందని ఒకసారి నోరు జారినందుకు ఫోటోలు తీసే పని కూడా నా మెడకే చుట్టుకుంది. తొంభైల నడిమి సంగతిది. కూలగొట్టబోయే ఒక పాత షాపింగ్ సెంటర్‌నీ, దానికి అతుక్కుని ఉన్న నాలుగంతస్తుల కార్ పార్కునీ పిల్లర్ పిల్లర్‌కీ ఫోటో తీసి, లోపల మనుషులెవరూ లేరని రాసివ్వాలి. శుక్రవారం అల్ హిలాల్ పేటలో ఒకరింట్లో ప్రార్థన ముగిసి, గోదావరి జిల్లాల వాళ్ళమంతా భోజనాలకు కూర్చునే వేళకి నేను లేచి వెళ్ళాల్సి వచ్చింది. ఆ కోపం నాకు ఇప్పటికీ కొంచెం ఉంది.

రంగూ పూతా లేకుండా కాంక్రీటుని అలాగే వదిలేయడం అది కట్టిన రోజుల్లో గొప్ప ఫ్యాషనట. గోడల మీద సెంట్రింగు చెక్కల గీతలు, మేకుల గుర్తులతో సహా అలాగే ఉన్నాయి. ఉప్పుగాలికి లోపలి ఇనుము ఉబ్బి పెచ్చులు ఊడిపోయాయి. ప్రతి పగులు నుంచీ ఎర్రటి తుప్పు చార కిందికి దిగింది. ఒకప్పుడు శుక్రవారాలు కూలీలు ఇక్కడికి వచ్చి, ఎవరివో కార్ల పక్కన దర్జాగా నిలబడి, ఇంటికి పంపడానికి ఫోటోలు దిగేవాళ్ళు. ఇప్పుడు కార్లూ లేవు, కూలీలూ లేరు. గేటు దగ్గర నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు.

మూడో అంతస్తు స్లాబు బాగాలేదనీ, పైకి వెళ్ళొద్దనీ అతను రెండుసార్లు చెప్పాడు. నాకు పాఠాలు చెప్పొద్దని కసిరి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చీకటే. పలక మీద అంతస్తు నంబరూ పిల్లర్ నంబరూ సుద్దతో రాసి, పిల్లర్‌కి ఆనించి, ఫ్లాష్ కొట్టి, తరవాతిదానికి జరగాలి. నా చెప్పుల చప్పుడు నాకన్నా ఒక అడుగు ఆలస్యంగా వినిపించింది. నేను ఆగాక కూడా ఒక్కసారి వినిపించింది. మూడో అంతస్తులో ఎక్కడినుంచో ఎండుమిర్చి తాలింపు ఘాటు వచ్చింది. వాచ్‌మన్ వంట కాబోలనుకున్నాను గాని, అతను గేటు దగ్గర కూర్చుని ఉండటం నాకు పైనుంచి కనబడుతూనే ఉంది. నాకు భయం వేసింది. మిగతావి గబగబా కానిచ్చి దిగిపోయాను.

రెండ్రోజుల తరవాత స్టూడియోలో ప్రింట్లు తిరగేస్తుంటే, మూడో అంతస్తు పదిహేడో పిల్లర్ వెనక సగం మనిషి కనిపించాడు. ఒక భుజం, ఒక కన్ను, కాంక్రీటుకి ఆనించిన అరచెయ్యి. ఆ పిల్లర్ ముందే గొంతుక్కూచుని పలక మీద నంబరు రాశాను నేను. నా ఊపిరి అతనికి వినబడే ఉంటుంది.

ఆ ప్రింటు పట్టుకుని వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళాను. అతను దాన్ని చూసి, ముందు గేటు మూశాడు.

"మా తమ్ముడు సార్. రువైస్ దిక్కు ఎడారిల గొర్రెల కాడ ఉండె. వీసా ఇచ్చిన కఫీల్ కొడుతుంటే ఉరికొచ్చిండు. పాస్‌పోర్ట్ ఆయన తాననే ఉన్నది. ఈ ఫోటో మీ ఆఫీసుల ఇస్తే పోలీసులొస్తరు సార్."

ఇస్తే తమ్ముడికి జైలు, అన్నకి డ్యూటీ పోవడం ఖాయం. ఇవ్వకపోతే నా రిపోర్టు అబద్ధం. కూలగొట్టేలోపు తమ్ముణ్ణి ఖాళీ చేయిస్తానని అతని దగ్గర మాట తీసుకుని, పదిహేడో పిల్లర్‌ని మళ్ళీ ఫోటో తీశాను. ఈసారి దాని వెనక ఎవరూ లేరు. ఇంటికెళ్ళి పాత నెగటివ్‌ని ముక్కలుగా కత్తిరించి, ప్రింటుతో సహా వంటింటి సింకులో కాల్చేశాను. మనుషులెవరూ లేరని టైపు చేసి ఇచ్చాను. పెద్ద పుణ్యకార్యం చేసినట్టు నన్ను చూసుకుని నేనే మురిసిపోయాను.

మూడు వారాలకి వాచ్‌మన్ మా ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. రొట్టెలకని పొద్దున బయటికి వెళ్ళిన తమ్ముడు నాలుగు రోజులుగా రాలేదట. ఆసుపత్రిలో అడిగితే ఫోటో తెమ్మన్నారట. ఊళ్ళో ఉన్నది చిన్నప్పుడు బడిలో తీసిందొక్కటే.

"ఆ దినం మీరు తీసిన ఫోటో ఉన్నది గద సార్?"

కాల్చేశానని చెప్పాను. అతను తిట్టినా బాగుండేది. మా మంచికే చేసిండ్రు సార్ అన్నాడు. తరవాత తన మొహం చేత్తో తడుముకుని, "వాడు నాలెక్కనే ఉంటడు సార్. నన్ను తీయిండ్రి" అన్నాడు.

మర్నాడు ఆఫీసు వెనక గోడకి నిలబెట్టి తీశాను. గడ్డం గీసుకొచ్చాడు, వయసు తక్కువ కనబడాలని. మీసం కూడా తమ్ముడిలాగే కత్తిరించుకున్నాడు. అతని కన్ను నా లెన్సు వైపు తిరిగినప్పుడు పిల్లర్ వెనకి కన్నే గుర్తొచ్చింది. రెండు ఫోటోలు కదిలిపోయాయి, మూడోది వచ్చింది.

దాన్ని పట్టుకుని ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం, మార్చురీకి వెళ్ళాం, మదీనత్ ఖలీఫాలో తోటపని దొరుకుతుందని తమ్ముడెవరితోనో అన్నాడంటే ఆ వీధులన్నీ తిరిగాం. తమ్ముడు దొరకలేదు. వెళ్ళిన ప్రతిచోటా వాళ్ళు ఫోటోని చూశారు, నా పక్కన నిలబడ్డవాణ్ణి చూశారు, మనిషి ఇక్కడే ఉన్నాడు కదా అన్నారు.