పెదవులు మూసి పాడిన నాలుగు నెలలు

తాండూరు బజారులో గురువారం సాయంత్రం ఒక ఫకీరు దుకాణం దుకాణానికీ సాంబ్రాణి పొగ వేస్తూ తిరుగుతాడు. మొన్న పాలిషింగ్ మిషన్‌కు బెల్టు కొందామని వెళ్లి గల్లా ముందు నిలబడి ఉండగా ఆ పొగ నా ముఖానికి తగిలింది. దుకాణదారు బెల్టు నంబరు అడుగుతున్నాడు. ఎప్పుడు ఆ వాసన తగిలినా వికారాబాద్‌లో ఒక వంటగది కళ్ల ముందుకొస్తుంది. స్టీలు గిన్నెలో మరిగిన నీళ్లు, అందులో నాలుగు చుక్కల సాంబ్రాణి టింక్చరు, నా తల మీద ముసుగులా కప్పిన తువ్వాలు. తువ్వాలుకు అవతల నుంచి దయామణి సిస్టర్ గొంతు: “తొందరపడకు. ముక్కుతోని గుంజు, నోటితోని ఇడువు.”

ఆమెను గురించి టీవీలో చెప్పినవాణ్ణి నేనే. రెండు నిమిషాలు కూడా ఉండదు ఆ ముక్క. దాన్ని చూసినవాళ్లు చాలామంది, ఆమెను ఎరిగినవాళ్లు కొద్దిమంది. నేను చెప్పినదాన్ని సరిదిద్దవలసినవాణ్ణి కూడా నేనే కాబట్టి ఇది రాస్తున్నాను.

దయామణి సిస్టర్ అనంతగిరి గుట్ట మీది ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయింది. ఉద్యోగమంతా ఊపిరితిత్తుల జబ్బువాళ్ల మధ్యే గడిచింది. ఎవరైనా మెట్లెక్కి వస్తుంటే మనిషిని చూడకముందే ఊపిరి వినేది. పెళ్లి చేసుకోలేదు. వికారాబాద్‌లో మా చర్చి క్వయర్‌ను ఆమే నడిపేది. ఇరవైమంది నాలుగు వరసలుగా నిలబడి, నాలుగు వేర్వేరు స్వరాల్లో ఒకే పాట పాడే బృందం మాది. ఎవరి స్వరం వాళ్లకు పాత క్యాలెండర్ కాగితాల వెనక తెలుగు అక్షరాల్లో రాసిచ్చేది. నేను తాండూరులో బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి, ప్యాసింజర్ రైలెక్కి ప్రాక్టీసుకు వెళ్లేవాణ్ణి. మగవాళ్లలో పై స్వరం నాది. బాగా పాడతానని నాకు తెలుసు. ఆ తెలియడం కొంచెం ఎక్కువగానే ఉండేది.

చర్చి పాటలంటే ప్రాణం పెట్టే మనిషి టీవీలో పాటల పోటీలను చిన్నచూపు చూస్తుందని ఎవరైనా అనుకుంటారు. సిస్టర్‌కు అవంటే పిచ్చి. పోటీ మొదలయ్యే వేళకు ప్రాక్టీసు ముగించి, ఇంటికి బయల్దేరుతున్న మమ్మల్ని కూడా వెంటేసుకుని తన ఇంటికి వెళ్లేది. ఒడిలో రూళ్ల నోటుబుక్కు పెట్టుకుని ఒక్కొక్కరికీ తన మార్కులు తను వేసేది. పాడుతూ ఏడిస్తే అర మార్కు కోత. “ఏడుపొస్తే పాడినంక ఏడ్వాలె. నడుమల ఏడిస్తె ఊపిరి ఎక్కడికెల్లి వస్తది?” అనేది. న్యాయనిర్ణేతలు ఏడిస్తే మాత్రం నవ్వేది. పోటీదారు వెనక చీకట్లో నిలబడి వంత పాడే పిల్లలను చూడమని మాకు చూపించేది. వాళ్ల మీద లైటు పడదని, పాటను మోసేది మాత్రం వాళ్లేనని ఆమె మాట. అలాగని మైకు ముందున్నవాణ్ణి తక్కువ చేసేది కాదు. ఒంటరిగా నిలబడి పాడటానికి గుండె కావాలని, అది తనకు ఎన్నడూ లేదని ఒకసారి అన్నది.

ఫ్యాక్టరీలో మిషన్ల చప్పుడుకు మించి అరిచి పని చేయించాలి. ఒక ఏడాది వానాకాలంలో నా గొంతు బొంగురుపోయి మళ్లీ తేరుకోలేదు. నేను జలుబనుకున్నాను. సిస్టర్ ఒక్క పాట విని హైదరాబాద్‌లో గొంతు డాక్టరు దగ్గరకు తనే తీసుకెళ్లింది. స్వరపేటిక మీద చిన్న కాయ లేచిందని, అరవొద్దని, గట్టిగా పాడొద్దని, ఇలాగే వాడితే గొంతు మిగలదని డాక్టరు చెప్పాడు. తిరుగు ప్రయాణంలో నేను ఇక క్వయర్‌కు రానన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

“ఇంట్ల కూసుంటే చెవి పోతది కొడుకా. వచ్చి నిలబడు. పెదవులు మూసి సన్నంగ పాడు, నాలుగు నెలలు.”

అలా నన్ను ముందు వరసలోంచి తీసి ఆఖరి వరసలో గోడ పక్కన నిలబెట్టింది. ఎందుకో మా ఇద్దరికీ, మా ఇంట్లోవాళ్లకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎప్పుడైనా మైమరచి నోరు తెరిస్తే తాళం చూపే చేయి ఆగకుండానే రెండో చేతి వేలు తన పెదవుల మీద పెట్టుకునేది. క్రిస్మస్‌కు నేను పాడవలసిన ఒంటరి చరణం ఇంకొకరికి ఇచ్చింది. నాకు కష్టమనిపించింది. ఎందుకు ఇచ్చిందో తెలిసినా కష్టమనిపించింది. ప్రతి శనివారం ప్రాక్టీసుకు ముందు ఆమె వంటగదిలో నాకు ఆవిరి. నాలుగు నెలలకు డాక్టరు లోపల చూసి కాయ కరిగిందన్నాడు. మెట్లు దిగుతూ సిస్టర్ నా కంటే ముందు ఏడ్చింది.

ఆ తర్వాత రెండేళ్లకు వయసుతో పని లేకుండా ఎవరైనా రావచ్చని ఒక చానల్ పాటల పోటీ ప్రకటించింది. నా ఫారం నింపింది సిస్టరే. నాకు నలభై దాటాయి, నవ్వుతారని నేనంటే, వెనక్కి తగ్గడానికి వయసును సాకు పెట్టొద్దన్నది. ఎంపికయ్యాను. పాటకు ముందు మన గురించి ఒక చిన్న కథ చూపిస్తారు. దానికోసం చానల్ వాళ్లు ఫ్యాక్టరీకే వచ్చారు. ఒక అమ్మాయి మైకు పట్టుకుని నా కష్టాలు అడిగింది. నాకు పెద్దగా కష్టాలు లేవు. తినడానికి ఉంది, ఇంట్లో ఎవరూ పాడొద్దనలేదు. ఆ అమ్మాయి పాపం ఓపికగానే, “ఎవరూ ఎప్పుడూ మిమ్మల్ని ఆపలేదా అన్నా?” అనడిగింది.

అప్పుడు చెప్పాను. మా క్వయర్‌లో సిస్టర్ నన్ను ఆఖరి వరసలో నిలబెట్టిందని, నోరు మూసుకుని పాడమన్నదని, నా చరణం ఇంకొకరికి ఇచ్చిందని. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు బాగాలేని సంగతి కూడా ఉంది. లారీ హారన్ అడ్డొచ్చిందని మళ్లీ చెప్పమన్నారు. రెండోసారి చెప్పేటప్పుడు ఆ సంగతి నేనే వదిలేశాను. నన్ను ఎవరూ వదిలెయ్యమనలేదు. చానల్ వాళ్లు కత్తిరించారని తర్వాత చాలామందితో అన్నాను. అది అబద్ధం. ఆ అమ్మాయి కళ్లు మెరిశాయి, ఆ మెరుపు నాకు బాగుంది. జరిగింది అంతే.

అది వచ్చిన ఆదివారం సాయంత్రం సిస్టర్ తన ఇంట్లో క్వయర్‌నంతా కూర్చోబెట్టింది. సేమ్యా పాయసం చేసింది. పక్కింటి ఖాజా భాయ్ కుటుంబం కూడా వచ్చింది. చాపల మీద అందరూ, పెళ్లికొడుకులా నేనొక్కణ్ణే కుర్చీలో. వెళ్లకుండా ఉండాల్సింది. ఆ ముక్క వెయ్యరులే అనుకున్నాను. టీవీలో నా ముఖం వచ్చింది, నా మాటలు వచ్చాయి, వాటి వెనక ఏడుపు సంగీతం వచ్చింది. తర్వాత ఎవరో నటి, తెల్లచీరలో, ముఖం కనబడకుండా, పెదవుల మీద వేలు పెట్టి నిలబడింది. ఆడవాళ్లలో కింది స్వరం పాడే రాహేలమ్మ నా వైపు తిరిగి చూసింది. ఒకరు సిస్టర్ పేరు పెట్టి ఏదో అనబోయారు.

“సప్పుడు జేయకుండ్రి,” అన్నది సిస్టర్. “పాట ఇననియ్యుండ్రి.”

కళ్లు మూసుకుని నా పాటంతా విన్నది. అయ్యాక నోటుబుక్కులో ఏదో రాసి మూసేసింది. లేచి గిన్నెల్లో పాయసం పోసి, మొదటిది నాకే తెచ్చిచ్చింది. నేను తిన్నాను. అదెలా తినగలిగానో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ ముక్క ఫోన్లలో తిరిగింది. ప్రతిభను తొక్కేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారని ఎవరెవరో కింద రాశారు. రెండు నెలల్లోపు సంఘ పెద్దలు క్వయర్ నడపడానికి కొత్తవాళ్లకు అవకాశం ఇద్దామని మర్యాదగా అన్నారు. సిస్టర్ పాటల బీరువా తాళం తెచ్చి వాళ్ల చేతికిచ్చింది. నేను పోటీలో మూడో వారానికే ఓట్లు చాలక బయటికొచ్చాను.

ఆ తర్వాత ఒకరోజు క్షమాపణ చెప్పాలని ఆమె ఇంటికి వెళ్లాను. తిడుతుందని సిద్ధపడి వెళ్లాను. ఆమె స్టేజీ గురించి అడిగింది. లైట్ల వేడికి గొంతు ఎండదా, చెవిలో పెట్టేదాంట్లో ఏం వినబడుతుంది, న్యాయనిర్ణేతలు నిజంగానే ఏడుస్తారా. పిల్లలా అడుగుతుంటే జవాబులు చెబుతూ కూర్చున్నాను. చివరికి నేనే ఆ మాట ఎత్తాను.

“నువ్వు చెప్పింది అబద్ధం గాదు కొడుకా,” అన్నది. “ఎందుకో చెప్పలే. గంతే.” మళ్లీ తనే, “ఆదివారం చర్చిల చెప్పు. టీవీల అక్కర్లే. మనోళ్లకు తెలిస్తె చాలు,” అన్నది.

ఆమె నన్ను అడిగింది అదొక్కటే. మా చర్చిలో ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరైనా లేచి తమ బతుకులో జరిగింది చెప్పుకోవచ్చు. ఆ ఆదివారం లేచాను. సిస్టర్ ఆడవాళ్ల వైపు రెండో వరసలో తల దించుకుని కూర్చుని ఉంది. నేను నోరు తెరిచి, ఇంత పెద్ద వేదిక మీద పాడే అవకాశమిచ్చిన దేవుడికి వందనాలన్నాను. చప్పట్లు కొట్టారు. కూర్చున్నాను. నా నోటి నుంచి వచ్చింది విని నేనే నివ్వెరపోయాను. వచ్చే వారం చెబుదామనుకున్నాను. ఆమె మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అలా ఒక ఏడాది పైన గడిచింది. ఒకరోజు పొద్దున్నే ఫ్యాక్టరీలో ఉండగా ఫోన్ వచ్చింది. సిస్టర్ నిద్రలోనే పోయిందన్నారు.

ఆ ఇంటి ముందు టెంటు కింద నిలబడి ఉంటే ఖాజా భాయ్ నా పక్కకొచ్చాడు. తను చెప్పిన సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఆ ఎపిసోడ్ అయిన మర్నాడు సిస్టర్ గల్లీలో ఇంటింటికీ వెళ్లి, ఫోన్లు అడిగి తీసుకుని, నాకు ఓట్లు వేసిందట. మూడు వారాలూ వేసిందట.

“నేనే అన్న, అమ్మా, మిమ్మల్ని గట్ల బద్నాం జేసినోనికి ఓటేందుకు అని,” అన్నాడు ఖాజా భాయ్. “ఆమె ఏమన్నది తెలుసా భాయ్? ‘పాట మంచిగ పాడిండా లేదా, అది జెప్పు’ అన్నది. నా ఫోన్ తీస్కున్నది, మా బేగం ఫోన్ తీస్కున్నది.”

నేను టెంటు గుంజ పట్టుకుని నిలబడ్డాను. లోపల క్వయర్ పాడుతోంది. ఒక స్వరం ఖాళీగా ఉంది, అది నాది. నేను వెళ్లి అందుకోలేకపోయాను.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి అంతా చెప్పాను. గొంతులో కాయ, డాక్టరు, ఆవిరి, నాలుగు నెలలు, లారీ హారన్, నేను వదిలేసిన మాట, ఖాజా భాయ్ చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆరాధన అయ్యాక గేటు దగ్గర రాహేలమ్మ నా కోసం ఆగి ఉంది. సిస్టర్ పక్కన చిన్నప్పటి నుంచి నిలబడి పాడిన మనిషి.

“ప్రభాకర్, గీ ముచ్చట ఆమె ఉన్ననాడు జెప్తే నీకేం బోతుండె?”

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను నిజంగానే ఆలోచించాను. పోటీలోంచి అప్పటికే బయటికొచ్చేశాను. నా ఉద్యోగం బండలతో, దానికి పాటతో పని లేదు. ఇంట్లోవాళ్లకు అసలు సంగతి ముందే తెలుసు. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.

“ఏం బోకపోతుండె అక్కా,” అన్నాను.

ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుని వెళ్లిపోయింది.

భయపడి చెప్పలేకపోయానని అప్పటిదాకా నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ గేటు దగ్గర తెలిసింది, అక్కడ భయపడటానికి ఏమీ లేదని. చెప్పకుండా ఉంటే నాకు సుఖంగా ఉంది, అందుకే చెప్పలేదు. ఆ సుఖం కోసం ఒక మనిషి ఏడాది పైన, ప్రతి ఆదివారం, రెండో వరసలో తల దించుకుని కూర్చుని నేను లేస్తానేమోనని ఎదురుచూసింది.