మా మామయ్య చెప్పిన కేన్సర్ మందు

మామయ్య లేడు.

నిన్న పొద్దున ల్యాబ్‌లో ఉండగా బావ ఫోన్ చేశాడు. చేతులకు గ్లవ్స్ ఉన్నాయని స్పీకర్‌లో పెట్టాను.

"నాయన పోయినాడు, బయల్దేరి రా" అన్నాడు.

"ఎవరు బావా?" అని అడిగాను. ఏం అడుగుతున్నానో నాకే తెలియలేదు. ఆదివారమే కదా మామయ్య నాతో మాట్లాడింది, బాగానే తింటున్నానని చెప్పాడు.

మార్కాపురంలో మా మేనమామది స్టీల్ సామాన్ల దుకాణం. బిందె కొనడానికి వచ్చినవాళ్లకు కూడా నా గురించి చెప్పి పంపేవాడు.

నేను హైదరాబాద్‌లో ఒక రీసెర్చ్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. గాజు స్లైడ్ మీద పల్చటి టిష్యూ ముక్క పెట్టి, దాని మీద ఒక మోనోక్లోనల్ యాంటీబాడీ, అంటే ఒకే గురికి అతుక్కునే పదార్థం, వేస్తాను. మన ఒంట్లో రోగాలతో పోరాడే ప్రోటీన్‌లో లైట్ చెయిన్ అని ఒక భాగం ఉంటుంది. అందులో కప్పా, లాంబ్డా అని రెండు రకాలు. మామూలుగా రెండూ కలిసి కనిపిస్తాయి. ఎముక మూలుగలో ఒకటే గుంపుగా కనిపిస్తే కేన్సరేమోనని అనుమానించాలి. మా యాంటీబాడీ కప్పాకు మాత్రమే అతుక్కుంటుంది, అక్కడ గోధుమరంగు తేలుతుంది.

అంతే దాని పని.

ఒకసారి దుకాణంలో కూర్చుని ఫోన్‌లో ఆ స్లైడ్ ఫొటో చూపించాను.

"అతుక్కుని చంపుతాదా?" అన్నాడు మామయ్య.

"చంపదు మామా. ఎక్కడుందో చూపిస్తుంది."

"దొంగ యాడున్నాడో తెలిసినాక ఇంకేముంది, పని అయిపోయినట్టే."

సాయంత్రానికల్లా నేను ఎముకల కేన్సర్‌కు మందు కనిపెట్టిన అమ్మాయినైపోయాను. నవ్వుకున్నాను. బాగానే అనిపించింది కూడా.

తర్వాత మామయ్యకే మైలోమా వచ్చింది. ఎముక మూలుగలో వచ్చే కేన్సర్. హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉండి ట్రీట్‌మెంట్ మొదలుపెట్టాడు. ఒకరోజు ఇంజెక్షన్ వేయించుకుని వస్తుంటే ఆటోలో మెల్లగా అడిగాడు.

"నీ కాడుండే మందు రెండు చుక్కలు నాకు వేస్తే ఏమమ్మా? బయటికి ఇయ్యకూడదా?"

అది టెస్టుకే గానీ మనిషికి ఎక్కించేది కాదని మళ్లీ చెప్పాను.

"సరేలేమ్మా" అని రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

ఊరికి పోయాక మాత్రం, "మా కోడలి మందే వాడతాండా" అని అందరికీ చెప్పుకున్నాడట. నాకు నిన్ననే తెలిసింది.

ఇంట్లో అడుగుపెట్టగానే అత్తయ్య అందరి ముందూ నా చేతులు పట్టుకుని, "నీ మందుతోనే ఇన్నాళ్లు ఉన్నాడు తల్లీ" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్లు నిలబెట్టింది హాస్పిటల్ వాళ్లు. ఆ మాట అప్పుడు చెప్పలేకపోయాను.

మామయ్యను తీసుకెళ్లాక ఒకాయన నా దగ్గరకు వచ్చాడు. త్రిపురాంతకం మనిషి, దుకాణానికి పాత కస్టమర్. ఆయన భార్యకూ ఇదే జబ్బు.

"ఆసుపత్రి మందులు పడట్లేదని నిలిపేసినాం. నీ మందు ఇప్పిస్తానని మీ మామ చెప్పినాడమ్మా."



"నా దగ్గర మందు లేదు పెద్దాయనా. అది మందే కాదు. ఆమెను వెంటనే హాస్పిటల్‌కు తీసుకుపోండి."

"మరి మీ మామ అట్ల చెప్పినాడే? అబద్ధం చెప్పే మనిషా ఆయన?"

మామయ్య ఇంట్లోనే నిలబడి, మామయ్య పోయిన రోజే, "మామయ్య చెప్పింది నిజం కాదు" అన్నాను.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తయ్య.

నన్ను దాటుకుని ఆ పెద్దాయన ముందుకు వచ్చింది. తర్వాత ఆయనతో అంది. "పిల్ల చెప్పింది విను నాయనా. పొద్దున్నే బస్సెక్కించు ఆమెను."

ఆ తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

మామయ్య ఇంకెవరెవరికి చెప్పాడో నాకు తెలియదు. అందుకే ఈ పోస్ట్. నా దగ్గర ఏ మందూ లేదు. దయచేసి ఎవరూ ట్రీట్‌మెంట్ ఆపొద్దు. మన వైపు వాళ్లందరికీ షేర్ చేయండి.

మామా, నువ్వు చెప్పుకున్నంత దాన్ని కాదు నేను. నలుగురిలో నీ మాట తీసేశాను, క్షమించు.

ఆ ఎముకల నొప్పి ఇక నీకు లేదు. హాయిగా పడుకో.